గడ్డి పెంచిన ఉద్యోగం

మన భాషలో గడ్డికి గౌరవం లేదు. లంచం తీసుకున్నవాడు గడ్డి తిన్నాడంటాం. తప్పు చేసినవాడికి నోట్లో గడ్డి పెడతాం. పని లేకుండా కూర్చున్నవాణ్ణి గడ్డి పీకుతున్నావా అని అడుగుతాం. అడవి కొలువులో నా చివరి సంవత్సరాలన్నీ ఆ గడ్డిని పెంచడంలోనే గడిచాయి. మా ఆయన బడిపంతులు. ఎవరైనా మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగితే, ‘గవర్నమెంటు గడ్డి’ అని మాత్రం చెప్పి పక్కకు తిరిగేవాడు.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరే పిల్లలు అప్పుడప్పుడు ప్రొద్దుటూరులో మా ఇంటికి వస్తుంటారు. పులిని చూశారా, దొంగల్ని పట్టుకున్నారా అని అడుగుతారు. పులిని చూడలేదు. దొంగల్ని పట్టుకున్నాను కాని వాళ్ళు దొంగిలించింది గడ్డి. ఆ సంగతే రాస్తున్నాను.

బోడు

జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారికి కొంచెం పక్కగా ఒక మెరక ఉంది. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని నక్కలబోడు అంటారు. కొండ అనుకుంటే ఎత్తు చాలదు, చేను అనుకుంటే రాళ్ళు ఎక్కువ. ఒకప్పుడు అది మోకాటి ఎత్తు గడ్డితో ఉండేదట. నా చేతికి వచ్చేసరికి అంతా సర్కారు తుమ్మ. లోపలికి మేక కూడా దూరలేదు.

సెక్షన్ ఆఫీసరుగా నన్ను అక్కడికి వేసినప్పుడు కంప తీసేసి పాత గడ్డిని మళ్ళీ తెప్పించాలన్నారు. ఎవరో పై ఆఫీసరుకు ఆ ఆలోచన వచ్చింది. ఆయన బదిలీ అయి వెళ్ళిపోయాడు, ఆలోచన నా దగ్గర ఉండిపోయింది. మన కొలువులో చాలా మంచి పనులు ఇలాగే అనాథల్లా మిగులుతాయి. వాటిని ఎత్తుకోవడమే ఉద్యోగం.

సర్కారు తుమ్మను కొడితే పోదు. ఒక కొమ్మ కొడితే మూడు లేస్తాయి. వేరుతో పెకలించాలి. పెకలించిన చోట వానలకు ముందు గడ్డి విత్తనం చల్లాం. చీమలు బారులు తీరి మొత్తం మోసుకుపోయాయి. మరుసటి ఏడు తెలివి తెచ్చుకుని, విత్తనం ఉన్న గడ్డినే కోసుకొచ్చి నేల మీద పరిచాం. అది పట్టింది. రెండు మూడు వానకాలాలు గడిచేసరికి నెండ్ర గడ్డి, బోద గడ్డి, బట్టలకు గుచ్చుకునే పందిముల్లు గడ్డి అన్నీ వచ్చాయి. వాటి వెనక కౌజు పిట్టలు, నేల మీద గూడు కట్టే చిన్న పిట్టలు, వాటి కోసం నక్కలు వచ్చాయి. కార్తీకంలో బోడంతా మసక పట్టిన ఇత్తడి రంగులో ఉండేది.

జనం చూడాలని గడ్డిలో ఒక కాలిబాట వేశాం. ఎక్కడా నిట్టనిలువు లేదు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా మెల్లగా ఒక చుట్టు తిరిగి గేటు దగ్గరికే రావచ్చు. గండికోట చూడ్డానికి పోయే కార్లు బోర్డు చూసి ఆగేవి. దిగినవాళ్ళు ముందు నీడ కోసం వెతికేవాళ్ళు. తర్వాత అడవి కోసం వెతికేవాళ్ళు. ఒక బెంగళూరు కుటుంబం బాటంతా తిరిగి వచ్చి, అడవి ఎక్కడ మొదలవుతుందని అడిగారు. మా వాచరు మస్తాన్ వాళ్ళకు సమాధానం చెప్పాడు.

“అయిపోయింది సార్. మీరు దాటుకోని వచ్చినారు.”

మస్తాన్

మస్తాన్ గురించి చెప్పకుండా ఈ ఉద్యోగం గురించి చెప్పలేను. ప్రొద్దుటూరు మనిషి. కువైట్‌లో చాలా ఏళ్ళు ఒక శేఠు దగ్గర ఒంటెలు మేపి, అక్కడ మాట్లాడ్డానికి మనిషి దొరక్క తిరిగొచ్చేశాడు. ఆ ఏళ్ళలో దాచుకున్న మాటలన్నీ బోడు మీద ఖర్చు పెట్టాడు.

పని దొంగ కాదు. ఎండలో తిరుగుతాడు, నిప్పు కనపడితే అందరికంటే ముందు పరిగెత్తుతాడు. ఒకటే జబ్బు. తెలియదు అనే మాట అతని నోటికి రాదు. పిట్ట పేరు అడిగితే తెలియకపోయినా ఒక పేరు పెట్టేవాడు. కలివి కోడిని చూపించమని ఎవరైనా అడిగితే, ఇప్పుడే అటు పోయింది అనేవాడు. కలివి కోడి అనే ఆ అరుదైన పిట్ట కోసం పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కంపల్లో వెతుకుతున్నారు. మా మస్తాన్ దగ్గర మాత్రం అది ఎప్పుడూ ఇప్పుడే అటు పోయేది.

వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అడిగే ప్రశ్న, ఈ గడ్డి దేనికి పనికొస్తుంది అని. పిట్టలు ఉంటాయి, నేల కొట్టుకుపోదు, వాన నీళ్ళు ఇంకుతాయి అని నేను చెప్తే మర్యాదగా తల ఊపి ఫోన్ చూసుకునేవాళ్ళు. ఆ ముఖాలు చూసి మస్తాన్ మనసు నొచ్చుకునేది. తాను కాపలా కాసే గడ్డి ఎందుకూ పనికిరాదని జనం అనుకుంటే అతనికి అవమానం. అందుకని మెల్లగా ఒక్కో గడ్డికి ఒక్కో పని అప్పజెప్పడం మొదలుపెట్టాడు. ఇది మోకాళ్ళకు, అది జుట్టుకు, ఇంకోటి పిల్లలకు చదువు రావడానికి. నాకు తెలిసినప్పుడల్లా కోప్పడ్డాను. కాని మనసులో నవ్వుకున్నాను కూడా, దాచిపెట్టడం ఎందుకు.

ఒక రోజు జమ్మలమడుగు నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. చక్కెర జబ్బు ఉందని, నడవమని డాక్టరు చెప్పాడని మాటల్లో అన్నాడు. మస్తాన్ నెండ్ర గడ్డిని చూపించి, కువైట్‌లో మా శేఠుకు చక్కెర తగ్గింది దీని కషాయంతోనే అన్నాడు. కువైట్ పేరు చెప్తే మా జిల్లాలో సందేహించేవాళ్ళు తక్కువ. ప్రతి వీధిలోనూ అక్కడ పని చేసొచ్చినవాళ్ళు ఒకరైనా ఉంటారు. ఎడారిలో నెండ్ర గడ్డి ఎట్లా మొలిచిందని ఆ ఉద్యోగి అడగలేదు.

కొడవళ్ళు

ఆ వారంలోనే కొడవళ్ళు వచ్చాయి.

మొదట జమ్మలమడుగు వాళ్ళు, తర్వాత ప్రొద్దుటూరు వాళ్ళు, తర్వాత పులివెందుల బస్సు దిగి సంచులతో వచ్చినవాళ్ళు. అందరూ మర్యాదస్థులే. రిటైరైన అయ్యవార్లు, బట్టల కొట్టువాళ్ళు, ఒక గుడి పూజారి. ఆయన కోసే ముందు గడ్డికి దండం పెట్టాడు. నేను వెళ్ళి అడ్డం నిలబడితే, “ఒక పిడికెడే గదమ్మా, మందుకు” అన్నారు. ఎంతమంది వస్తే అన్ని పిడికిళ్ళు. గేటు దగ్గర నుంచి మొదలై బోడు ముందు భాగం, మంగలి సగం గీసి వదిలేసిన గడ్డంలాగ తయారైంది.

మస్తాన్‌ను పిలిచి, నువ్వే గేటు దగ్గర నిలబడి, నువ్వు చెప్పింది అబద్ధమని ప్రతి ఒక్కరికీ చెప్పమన్నాను. పాపం, నిజంగానే నిలబడ్డాడు. తల వంచుకుని, గొంతు బొంగురు పోయి, నేను చెప్పింది అంతా అబద్ధమప్పా, ఈ గడ్డిలో ఏమీ లేదు అని చెప్పాడు. ఆ దిగులు చూసి జనం వేరేగా అర్థం చేసుకున్నారు. ‘మేడమ్ బెదిరించి చెప్పిస్తాంది, గడ్డంతా పై ఆఫీసర్లకు పంపిస్తాండారంట’ అని పుకారు లేచింది. మర్నాటికి సంచులు పెద్దవయ్యాయి.

మా రేంజరు మూర్తిగారు తెనాలి వైపు మనిషి. మంచివాడు. కాని పై అధికారి పేరు వింటే చెమట పడుతుంది. మా మాట ఆయనకు సగమే అర్థమయ్యేది, ఆ సగానికే భయపడేవాడు. గడ్డి శానా పోతాంది సార్ అంటే, ఎక్కడికి పోతోందండీ అన్నాడు. విషయం తెలిశాక, గడ్డి కోయుట నేరము అని ఎర్ర అక్షరాలతో బోర్డు పెట్టించాడు. నేను వద్దన్నాను. వినలేదు. ప్రభుత్వం ఇంత గట్టిగా వద్దంటే ఇందులో ఎంత మహత్తు ఉండాలి అని, అంతవరకు నమ్మనివాళ్ళు కూడా ఆ బోర్డు చూసి నమ్మారు.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. నిజం చెప్పాల్సి వస్తే యూనిఫాం విప్పి, ఎవరి అరుగు మీదో కూర్చుని, కాఫీ తాగుతూ చెప్పండి. ఖాకీ బట్టల్లో చెప్పిన నిజం జనానికి బెదిరింపులాగే వినపడుతుంది. ఎర్ర అక్షరాల్లో రాస్తే ఇక అది వ్యాపార ప్రకటనే.

పెద్ద సారు వస్తున్నాడు

సరిగ్గా ఆ రోజుల్లోనే కబురు వచ్చింది. కొత్తగా వచ్చిన పెద్ద సారు బోడును చూడ్డానికి వస్తున్నాడని.

ఇది మామూలు రాక కాదు. మా కొలువులో చాలామంది దృష్టిలో నేల రెండే రకాలు. చెట్లున్నది, చెట్లు పెట్టాల్సింది. ఖాళీగా ఉన్న నేలల్లో గుంతలు తీసి మొక్కలు నాటాలని ఆ ఏడాది పై నుంచి ఒత్తిడి ఉంది. కాగితం మీద నక్కలబోడు ఖాళీ నేల. గుంతలు తీసే యంత్రాలు అప్పటికే దగ్గరి ఊళ్ళో పని చేస్తున్నాయి. సారు వచ్చి చూసి ఊ అంటే మర్నాడే బోడు ఎక్కుతాయి. కంప పీకిన కూలీల చేతులు, చీమల పాలైన విత్తనం, గూళ్ళు కట్టుకున్న పిట్టలు, అన్నీ ఆ ఊ అనే మాట దగ్గర ఆగి ఉన్నాయి. నాకు అన్నం సయించలేదు. ఇదే పని మీద అన్నేళ్ళు పోగొట్టుకున్నాక మళ్ళీ మొదలుపెట్టే వయసు కూడా లేదు.

గీసిన గడ్డం లాంటి ముందు భాగాన్ని ఎలా దాచాలా అని మూర్తిగారు మథనపడ్డాడు. మిగిలింది కూడా సమంగా కోయించేద్దామా అండీ, నీటుగా ఉంటుంది అన్నాడు ఒకసారి. నేను ఆయన వైపు చూసేసరికి ఆయనే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. చివరికి, సారును వెనక వైపు నుంచి ఎక్కించాలని తేల్చాం. అటు గడ్డి పూర్తిగా ఉంది. మస్తాన్‌ను మాత్రం ముందు గేటు దగ్గర పెట్టాం, సారు కంట పడకుండా.

అవ్వ

మా లెక్కలో లేనిది ఓబులమ్మ అవ్వ.

ఆమెది పులివెందుల. గడ్డి కోసుకుపోయిన వాళ్ళలో ఒకడు పక్కింటావిడకు ఇస్తే, ఆవిడ ఈమెకు పంచింది. అవ్వ ఏ పని చేసినా పూర్తిగా చేసే రకం. కషాయం చెంబెడు కాచి చెంబెడూ తాగేసింది. తర్వాత ఆ చెంబుతోనే రెండు దినాలు పెరట్లోకి తిరిగింది. కాళ్ళు నిలబడిన రోజు తెల్లవారి బస్సెక్కి, మస్తాన్ అనేవాడు ఎవడని అడుగుతూ నేరుగా బోడుకు వచ్చింది. అదే రోజు పెద్ద సారు వచ్చాడు.

తర్వాత మస్తాన్ చెప్పిన దాన్నిబట్టి, ఆమె గేటు దగ్గర అతని పేరు అడిగింది, అతను చెప్పాడు, ఆమె చెప్పు తీసింది. పరిగెత్తితే యూనిఫాంకు మర్యాద కాదని మస్తాన్ బాట పట్టి గబగబా నడిచాడు. ఆమె కూడా పరిగెత్తలేక గబగబా నడిచింది. ఇద్దరి మధ్య దూరం పెరగలేదు, తగ్గలేదు. ఒక చుట్టు అయింది. రెండోది మొదలైంది.

మేం సారును తీసుకుని వెనక వైపు నుంచి మెరక ఎక్కాం. సారు పొడుగ్గా, సన్నగా, ముఖంలో ఏ భావమూ లేకుండా ఉన్నాడు. ఏం చెప్పినా ‘ఊ’ అనలేదు, ‘కాదు’ అనలేదు. మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. గడ్డి మైదానంలో ఉన్న చిక్కేంటంటే అక్కడ ఏదీ దాగదు. దూరంగా ఖాకీ బట్టల్లో ఒక మనిషి చేతులు వెనక్కి కట్టుకుని, పిట్టలను చూస్తున్నట్టు తల అటూ ఇటూ తిప్పుతూ, అసాధారణమైన వేగంతో నడిచి వస్తున్నాడు. అతని వెనక ఒక ముసలామె చేతిలో చెప్పుతో వస్తోంది.

సారు మూర్తిగారి వైపు చూశాడు. మూర్తిగారికి చెమట పట్టింది.

“వాకర్స్ సార్” అన్నాడు. “రోజూ వస్తారు.”

మస్తాన్ దగ్గరికి వచ్చి సెల్యూట్ కొట్టాడు. ఆగాలి. ఆగితే అవ్వ అందుకుంటుంది. ఆ రెంటి మధ్య నలిగి, సెల్యూట్ దించకుండానే సారు వెనక్కి జరిగాడు. అవ్వ వచ్చి సారు ముందు నిలబడి రొప్పింది. ఆయన ఎవరో ఆమెకు తెలియదు. ఊరి పెద్దమనిషి ముందు ఫిర్యాదు పెట్టినట్టు పెట్టింది.

“నువ్వు చెప్పు నాయనా. వీడి మాట నమ్మి తాగితి. కడుపంతా కొట్టుకోని పాయ. చక్కెర యాడికీ పోల్యా, నేనే పోతాంటి.”

ఆ తర్వాత జరిగినదంతా ఆమె వివరంగా చెప్పింది. ఏ పూట ఎన్నిసార్లో కూడా చెప్పింది. అదంతా ఇక్కడ రాయను. సారు తల వంచుకుని విన్నాడు. మధ్యలో ఆయన భుజాలు కదలడం చూసి నేను దగ్గు అనుకున్నాను. ఆయన నవ్వుతున్నాడు.

నా ఖాకీ చూసి అవ్వ నా మీదికి తిరిగింది. నీ కింద పనిచేసేవాడే గదా అంది. అవునవ్వా, తప్పు మాదే, కడుపు ఇప్పుడు ఎట్లుంది అని అడిగాను. ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు. చెప్పు కింద వేసి కాలికి తొడుక్కుంది. బాట పక్క రాయి మీద కూర్చుంది. అప్పుడే మొదటిసారి తలెత్తి చూసింది.

గాలి లేచింది. ఇటు అంచు నుంచి అటు అంచు దాకా గడ్డి వంగి లేచి, మళ్ళీ వంగింది. కౌజు పిట్ట ఒకటి ఎక్కడో కూసింది.

“నీళ్ళు పారినట్లుంది గదప్పా” అంది అవ్వ.

మా సీమలో ఆ వయసు మనిషి పారే నీళ్ళను చూసింది తక్కువ, వాటి కోసం ఎదురు చూసింది ఎక్కువ. మూర్తిగారు కూడా చెమట తుడుచుకోవడం ఆపాడు, ఆయన గుంటూరు జిల్లా కాలవల పక్కన పుట్టినా సరే. సారు కూడా ఆమె చూసిన వైపే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి, పెద్దామె కదా అని మర్యాదకు అడిగినట్టు అవ్వను అడిగాడు. ఇదంతా ఖాళీగా ఉంది, ఇక్కడ చెట్లు నాటుదామనుకుంటున్నాం, నీడ ఉంటుంది, ఏమంటావు అని.

అవ్వ సారు వెనక నక్కిన మస్తాన్‌ను వేలితో చూపించింది.

“వద్దు నాయనా. చెట్లు పెడితే వీడు యాడ దాంకున్నెది నాకెట్ల కనపడాల?”

పెద్ద సారు ఈసారి దాచుకోకుండా నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. తర్వాత అవ్వ పక్కన ఇంకో రాయి మీద కూర్చున్నాడు. చాలా దూరం కనపడుతోంది అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. నేను ఆ సందులో నా మాట దూర్చాను. నేలగూటి పిట్టల గురించి, ఇంకే నీళ్ళ గురించి, సర్కారు తుమ్మ గురించి మొదటిసారి ఒక అధికారి పూర్తిగా విన్నాడు. నా మాటల గొప్పతనం కాదు. అంతకుముందు అవ్వ ఆయన్ను కూర్చోబెట్టింది, అంతే.

గుంతలు తీసే యంత్రాలు బోడు ఎక్కలేదు. రోడ్డు పక్కకు పోయి అక్కడ తీశాయి. అక్కడ నిజంగానే నీడ కావాలి. సారు పోతూ పోతూ ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే, ఈ మనిషి మందుల గురించి నోరెత్తకూడదు అని. మస్తాన్ మాట నిలబెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి గండికోట రాజుల గురించి కథలు చెప్పడం మొదలుపెట్టాడు. అవి తాగేవి కావు కాబట్టి నేను ఊరుకున్నాను.

అవ్వ పులివెందులకు తిరిగిపోయి, తన కడుపు కథ బస్టాండులో, ఆసుపత్రిలో, పెళ్ళిళ్ళలో చెప్పింది. కొడవళ్ళు వారంలో ఆగిపోయాయి. మా బోర్డు చేయలేనిది, మస్తాన్ ఒప్పుకోలు చేయలేనిది ఆమె ఒక్కతే చేసింది. కాని కోసుకుపోవడానికి అలవాటు పడినవాళ్ళలో కొందరు ఉత్త చేతులతో వచ్చి నడవడం మొదలుపెట్టారు. ఆ బ్యాంకు ఉద్యోగి కూడా వచ్చేవాడు. అతనికి చక్కెర కొంచెం తగ్గిందట. నడకకేనని డాక్టరు చెప్పాడు. మస్తాన్ ఏమీ అనకుండా ఆకాశం వైపు చూశాడు. అది అతనికి ఎంత కష్టమో నాకు తెలుసు.

తర్వాత

రిటైరయ్యాక చాన్నాళ్ళు అటు పోలేదు. కుర్చీ దిగినవాళ్ళు పాత ఆఫీసు చుట్టూ తిరగడం నాకు నచ్చదు. ఒక కార్తీకంలో మా చెల్లెలు సింహాద్రిపురం నుంచి వచ్చి, నువ్వు పెంచిన గడ్డి ఒకసారి చూపించమంది. చెప్పాపెట్టకుండా వెళ్ళాం. మస్తాన్ ఎవరిదో పెళ్ళికి పోయాడట, లేడు. నా తర్వాత వచ్చిన సెక్షన్ ఆఫీసరు చిన్న వయసు అమ్మాయి. దూరంగా కాలేజీ పిల్లలకు ఏదో చూపిస్తోంది. నన్ను ఎప్పుడూ చూడలేదు.

గడ్డి నేను వదిలినప్పటికంటే ఒత్తుగా ఉంది. నెండ్ర కంకి ఎలా ఉంటుందో చెల్లెలికి చూపిద్దామని బాట దిగి రెండడుగులు లోపలికి వేశాను. వెంటనే విజిల్ ఊదిన శబ్దం. ఆ అమ్మాయి గబగబా వచ్చింది.

“బాట దిగినారేందమ్మా? విత్తనం రాలే కాలం ఇది. మీయట్లా పెద్దోళ్ళే తొక్కితే పిల్లోళ్ళకు ఏం చెప్పేది?”

నేనెవరో చెప్పబోయిన చెల్లెలి చెయ్యి గట్టిగా నొక్కాను. తప్పైంది మేడమ్ అని బాట మీదికి వచ్చాను. నేను అడుగు పెట్టిన చోట వంగిన గడ్డిని ఆ అమ్మాయి చేత్తో లేపి నిలబెట్టి, అది మళ్ళీ వంగితే ఇంకోసారి నిలబెట్టి, పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో చెల్లెలు ప్రొద్దుటూరు వచ్చేదాకా అలిగే ఉంది. అంత చేసినదానివి, ఒక్క మాట చెప్పుకోవడానికి నోరు లేదా అని. నాకు మాత్రం ఆకలి వేసింది. చాలా రోజుల తర్వాత బాగా ఆకలి వేసింది. బస్టాండులో దిగి, ఆమె వద్దంటున్నా వినకుండా, ఇద్దరికీ వేడి వేడి దోసెలు చెప్పాను.